పక్క పిల్లని అడిగితే కాపీయేనా?



పోయిన నెల మన గోడపత్రికలో ఏడో తరగతి చెల్లి నీళ్ళపప్పు గురించి రాస్తే అందరూ నిలబడి మరీ చదివారు. నాది కంప్యూటర్ గురించి. అంత నవ్వు రాదు, అయినా చదవండి.

శనివారం కంప్యూటర్ గదిలో మనకొక రూలు ఉంది. పక్కవాళ్ళతో మాట్లాడకూడదు, పక్క తెర వైపు చూడకూడదు. చూస్తే కాపీ, మాట్లాడితే అల్లరి. ఈ రూలు మార్చాలని నా అభిప్రాయం.

తొమ్మిదో తరగతి వాళ్ళం ఇప్పుడు పీహెచ్‌పీ నేర్చుకుంటున్నాం. వెబ్ పేజీలో మనం పేరు రాసి బటన్ నొక్కితే, ఆ పేరు తీసుకుని, లెక్క చూసి, జవాబు పేజీ తయారుచేసి పంపేది అదే. మాకు ఇచ్చిన పని హాస్టల్ లైబ్రరీ రిజిస్టరు. ఏ పుస్తకం లోపల ఉందో, ఏది బయటికి పోయిందో తెర మీద కనపడాలి. గదిలో కంప్యూటర్లు తొమ్మిది, సార్ ఒక్కరు, పీరియడ్ 45 నిమిషాలు. ఇంటర్నెట్ లేదు. అంటే తప్పు వస్తే అడగడానికి సార్ ఉండాలి, లేకపోతే పక్క పిల్ల ఉండాలి. మూడో దారి లేదు.

మొదటి వారం నా తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. అందులో నాకు అర్థమైంది చివర ఉన్న 8 అంకె ఒక్కటే. సరే ఎనిమిదో లైనులో తప్పుంది అనుకున్నాను. పదిసార్లు చదివాను. మొత్తం చెరిపేసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే వాక్యం, అదే 8. సార్ అటు చివర ఉన్నారు. బెల్లు కొట్టేశారు. నాకు కంప్యూటర్ రాదు, నా బుర్రకి ఎక్కదు అనుకున్నాను.

ఆ రాత్రి ప్లేట్లు కడిగే దగ్గర మా బెంచీ అమ్మాయి అడిగింది, "ఏడో లైను చివర చూసుకున్నావే?" అని. తరువాతి శనివారం చూస్తే నిజమే, ఏడో లైను చివర సెమీకోలన్ పెట్టలేదు. (పైన చుక్క, కింద కామా, ఇదిగో ఇట్లా, ఉంటుంది. ఎర్ర స్కెచ్‌తో రాశాను.) ఆమెకీ ముందు వారం అదే జరిగిందంట. పీహెచ్‌పీకి లైన్లతో పని లేదు. మాట అయిపోయిందని దానికి సెమీకోలనే చెప్పాలి. చెప్పకపోతే ఇంకా ఉందనుకుని కింది లైనులోకి పోతుంది. అక్కడ పొసగనిది తగలగానే ఆగిపోయి, ఆగిన చోటు నంబరు చెప్తుంది. అన్నం మాడిన వాసన మన డార్మెటరీకి వస్తుంది గానీ మాడింది వంటింట్లో కదా, అట్లాగ.

ఆమె నాకు తన ప్రోగ్రాం ఇవ్వలేదు. ఎక్కడ చూడాలో చెప్పింది, అంతే. ఇది కాపీ ఎట్లా అవుతుంది?

ఇంకోరకం తప్పు ఉంది, అసలు ఎర్రరే రాదు. మా బ్యాచిలో ఒకమ్మాయి రిజిస్టరు చక్కగా నడిచింది, కానీ లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ బయటికి పోయినట్టు చూపించింది. బీరువాలో ఉన్న డిక్షనరీ కూడా పోయిందంట! ఆమె లెక్కల్లో ఫస్టు, అందుకే తప్పు కనపడలేదు అనిపిస్తుంది నాకు. లెక్కల్లో సమానం గుర్తు ఒక్కటే. పీహెచ్‌పీలో ఒక్క = పెడితే "ఈ విలువ అందులో పెట్టు" అని అర్థం. "సమానమా?" అని అడగాలంటే రెండు == పెట్టాలి. ఆమె "ఇఫ్" తరువాత ఒక్కటే పెట్టింది. బయట ఉంటే 1 అనే కదా మా లెక్క. అది అడగడం మానేసి ప్రతి పుస్తకానికీ 1 పెట్టుకుంటూ పోయింది. 1 అంటే దానికి "అవును" అనే లెక్క. రాసిన కళ్ళకి ఇట్లాంటివి కనపడవు, ఏం రాయాలనుకున్నామో అదే కనపడుతుంది. వేరే కళ్ళు కావాలి. సార్ బయటికి వెళ్ళినప్పుడు నేనే తొంగి చూసి చెప్పాను. రూలు తప్పాను మేడం, ఒప్పుకుంటున్నాను.

మిగతావి చిన్నవి. పెద్ద ఎన్‌తో మొదలైన పేరూ చిన్న ఎన్‌తో మొదలైన పేరూ దానికి వేరువేరు. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే పని చేయదు, అపాచీ నడుస్తుండగా లోకల్‌హోస్ట్ అని కొట్టి తెరవాలి. ఇవన్నీ ఒకరికి తెలిస్తే ఒక్క నిమిషంలో తొమ్మిదిమందికి తెలిసేవి.

ఒక వింత చెప్తాను. మా బ్యాచిలో ఒకామె షిఫ్ట్ వదలకుండా సెమీకోలన్ మీట రెండుసార్లు నొక్కింది, 5 పక్కన రెండు కోలన్లు పడ్డాయి. "పామాయిం నెకుడోతాయిం" అని ఎర్రర్ వచ్చింది. మాకు నవ్వాగలేదు. సార్ చెప్పారు, అది ఇంగ్లీషు కాదు హీబ్రూ అని, రెండు కోలన్లు అని అర్థమని. 1997లో ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ అనే ఇద్దరు ఇజ్రాయెల్ కాలేజీ విద్యార్థులు తమ ప్రాజెక్టుకి పాత పీహెచ్‌పీ చాలక దాన్ని మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. మొదట తయారుచేసిన రాస్మస్ లెర్డార్ఫ్‌ని కలుపుకున్నారు. 1998లో పీహెచ్‌పీ 3 వచ్చింది. ఆ హీబ్రూ మాట వాళ్ళ భాషది. మన ల్యాబులో ఉన్నది పీహెచ్‌పీ 7 కాబట్టి కనిపించింది, 2020లో వచ్చిన 8లో ఉత్త గుర్తే చూపిస్తారంట. "నా తెర వైపు చూడకండి" అని లెర్డార్ఫ్ అని ఉంటే ఏమయ్యేది? మా ఇంట్లో కోయ మాట్లాడతాం. తెలుగు నాకు బడికొచ్చాక వచ్చింది, ఇంగ్లీషు ఇంకా వస్తూనే ఉంది. ఆ రోజు మాత్రం ఎర్రర్ అందరికీ సమానంగా అర్థం కాలేదు, అది బాగుంది.

అసలు కాపీ లేదా అంటే ఉంది. నేనూ చేశాను. అర్ధసంవత్సరం ముందు ఒకరిది మొత్తం దించేశాను. సార్ మూడో లైను ఏం చేస్తుందని అడిగితే నిలబడిపోయాను. అల్లరి సంగతి కూడా నిజమే, ఒకసారి సంతలాగ అయింది. అందుకని నేను చెప్పేది ఏమిటంటే, అడిగే పిల్ల ముందు ఎర్రర్‌ని పైకి చదవాలి. చెప్పే పిల్ల చేతులు వెనక్కి కట్టుకోవాలి, కీబోర్డు ముట్టకూడదు. మెల్లగా మాట్లాడాలి. చివరి పావుగంట ఇట్లా ఇచ్చి చూడండి. గోల అయితే ఆపేయండి.

మా అమ్మ బడికి పోలేదు. తునికాకు కట్టకి 50 ఆకులు లెక్క పెడుతుంది. లెక్క తప్పిందనిపిస్తే పక్కనున్న పిన్ని చేతికిస్తుంది. ఎవరూ కాపీ అనరు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మా బ్యాచిలో ఒకామె మూడు శనివారాలుగా కడుపునొప్పి అని డార్మెటరీలో పడుకుంటోంది. అది కడుపునొప్పి కాదు మేడం. ఆమె ఆఖరిసారి వచ్చిన రోజు నాలుగో లైనులో పేరు ముందు డాలర్ గుర్తు పెట్టలేదు. పక్క కంప్యూటర్ నాదే. నేను చూశాను. రూలుకి భయపడి నోరు మూసుకున్నాను. వచ్చే శనివారం ఆమెని పిలుస్తాను. నన్ను మాట్లాడనిస్తారా?

ఇట్లు,
తొమ్మిదో తరగతి, రెండో బ్యాచి విద్యార్థిని