జవాబుల కీ ఎవరు రాయాలి?

పరీక్ష పేపర్లు దిద్దే ముందు మా ఉపాధ్యాయులం ఒక కీ తయారుచేసుకుంటాం. పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకుని రాస్తాం. అలాకాక ఒక విద్యార్థి రాసిన జవాబులనే కీగా ఎత్తి రాసి, వాడి పేపరునే దానితో దిద్దితే? నూటికి నూరు మార్కులూ వాడివే! నవ్వు వస్తుంది గదా. కాని కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలో ఇలాంటి పని నిజంగానే జరుగుతోంది.

పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న ఫంక్షన్లుగా విడదీసి రాస్తారు. ఒక్కొక్క ఫంక్షనుకు ఒక విలువ ఇచ్చి, రావలసిన జవాబు వచ్చిందో లేదో చూసే చిన్న ప్రోగ్రామే యూనిట్ టెస్టు. ఇందులో చాలా భాగం విసుగు పని. ఏ ఫైలు తెరవాలి, ఏ ఫంక్షను నడపాలి అంటూ ప్రతి టెస్టులోనూ అవే వాక్యాలు. మీ ప్రయోగాల రికార్డులో ‘ఉద్దేశం, పరికరాలు, విధానం’ అని పేజీ పేజీకీ రాసినట్లే! ఈ చాకిరీని యంత్రానికి అప్పగించవలసిందేనని నా అభిప్రాయం. జావా భాషలో రాసిన ప్రోగ్రాములకు రాండూప్, ఎవోసూట్ అనే సాధనాలు టెస్టులను వాటంతట అవే రాసిపెడతాయి.

చిక్కంతా ‘రావలసిన జవాబు’ దగ్గర ఉంది. అక్కడ ఏం రాయాలో ఆ సాధనానికి ఎవరు చెబుతారు? దాని చేతిలో ఉన్నది ప్రోగ్రాము ఒక్కటే. కనుక ఫంక్షనును నడిపి చూసి, వచ్చిన జవాబునే రావలసిన జవాబుగా రాసుకుంటుంది.

‘4తో భాగిస్తే శేషం సున్నా అయితే లీపు సంవత్సరం’ అని మీరొక ఫంక్షను రాశారనుకోండి. 2023 కాదు, 2024 అవును, 1900 అవును అని సాధనం మూడు టెస్టులు రాస్తుంది. మూడూ పాసే! కాని 1582లో వచ్చిన గ్రెగోరియన్ కాలెండరు ప్రకారం 2000 లీపు సంవత్సరం, 1900 కాదు. నూరుతో భాగింపబడే సంవత్సరం 400తో కూడా భాగింపబడాలి. రేపు ఎవరైనా ఫంక్షనును సరిదిద్దితే, ఆ టెస్టు వారినే తప్పు పడుతుంది.

ఇది కట్టుకథ కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగానే లెక్కపెట్టింది. దాని పట్టికలతో పొత్తు కుదరాలని ఎక్సెల్ కూడా ఆ తప్పును తెలిసే ఉంచుకున్నది. కావాలంటే ఎక్సెల్ గడిలో 60 వేసి తేదీగా మార్చి చూడండి. ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29 కనిపిస్తుంది! అక్కడ ‘1900 అవును’ అనే టెస్టు సబబే, ఎందుకంటే తెలిసిన మనుషులు అలా నిర్ణయించారు. పాత ప్రోగ్రామును మార్చబోయే ముందు అది ఇప్పుడేం చేస్తోందో నమోదు చేసుకోవడానికీ యంత్రం రాసిన టెస్టులు పనికివస్తాయి. అయితే దానిని నమోదు అనాలి, సరిచూడటం అనకూడదు.

ఈనాటి కృత్రిమ మేధ సాధనాలు ఫంక్షను పేరు చూసి దాని ఉద్దేశాన్ని ఊహిస్తాయి, ఒక్కోసారి తప్పు కూడా పట్టుకుంటాయి. అయినా ఊహ ఊహే.

ప్రోగ్రాములు రాసే మా పిల్లలకు నేనొక నియమం పెట్టాను. టెస్టులోని మిగతాదంతా యంత్రం చేత రాయించుకోవచ్చు. జవాబు చోటు మాత్రం ఖాళీగా ఉంచి, కాగితం మీద లెక్క చేసి తామే నింపాలి. మీరూ 2100తో మొదలుపెట్టండి. అది లీపు సంవత్సరం కాదు. అప్పటికి మీకు తొంభై ఏళ్లు దగ్గరపడతాయి!