పాత డీజిల్ పికప్ ముక్కు కుంగిందా? అమ్మేముందు ముందు స్ప్రింగులు చూడండి

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పటి నుంచి మా ఆఫీసుకు వచ్చే రైతులు ఎరువుల మాట అయ్యాక బండి సంగతి ఎత్తుతున్నారు. "సార్, పాత పికప్ ఇచ్చేసి కొత్తది తీసుకోమంటారా?" అని. సరుకు రవాణా బండ్ల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి దిగిన మాట నిజమే. పన్ను కలపకముందు 8 లక్షలుండే బండి మీద 80 వేలు తగ్గినట్టు లెక్క. షోరూములో ఈ లెక్క చెబుతారు. కొత్త బండి ధర తగ్గితే మీ పాత బండికి పలికే ధర కూడా తగ్గుతుందన్నది మాత్రం చెప్పరు. మిగిలిన మొత్తానికి వాయిదాలు ఎలాగూ మీరే కట్టాలి.

అమ్మాలనుకుంటున్న బండ్లను నేను అడిగి చూస్తుంటాను. చాలావాటికి ఇంజను బాగానే ఉంటుంది. ముందుభాగం కుంగి, గుంతలో పడినప్పుడల్లా దబ్బుమని కొట్టుకోవడం, స్టీరింగు ఒక పక్కకు లాగడం, టైర్లు తొందరగా అరిగిపోవడం, ఇవే ఫిర్యాదులు. ఇది స్ప్రింగుల రోగం. దీనికోసం బండినే వదులుకోవాల్సిన పని లేదు.

ముందుగా మీ బండికి ముందు ఏముందో వంగి చూడండి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వంటి వాటికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కట్టలు ఉంటాయి. టాటా ఏస్‌కు, చాలా బొలెరో పికప్‌లకు ముందు కూడా కట్టలే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, కట్టలు వాలిపోతే కొలిమి దగ్గరికి తీసుకెళ్లి వంపు కొట్టించడం మనకు అలవాటు. కాయిల్‌కు అది పనికిరాదు. గ్యాసుతో కాల్చి సాగదీస్తే ఉక్కుకు ఉన్న పదును పోతుంది. నాలుగు లోడ్లకే మళ్లీ కుంగుతుంది, లేదా విరుగుతుంది. చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కూడా అంతే. నా పాత కారుకు ఒకసారి వేయించాను. బండి లేచింది, సంతోషించాను. ఆరు నెలలు తిరక్కుండానే బఫరు పెట్టిన చోటే చుట్టు విరిగింది. బరువు చుట్లన్నిటికీ పంచుకోనివ్వకుండా ఒక్కచోట ఆపేస్తే జరిగేది అదే.

అసలు కుంగింది ముందేనా అన్నది కూడా చూసుకోవాలి. టమాటా, మామిడి సీజన్లో ఎక్కువ క్రేట్లు వేయడానికి వెనుక కట్టలో అదనపు పట్టీ వేయించిన బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వెనుక లేచిపోతే ముందు వంగినట్టే కనబడుతుంది. అలాంటి బండికి ముందు కొత్త స్ప్రింగులు వేసి డబ్బు తగలేసుకున్నవాళ్లు ఉన్నారు. వెనుక పట్టీలు లెక్కబెట్టండి, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ ఉంటే ముందు ఆ సంగతి తేల్చండి. (మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు. పట్టీ వేయించినంత మాత్రాన బండికి రాసిన బరువు పెరగదు.)

కొలత మీరే తీసుకోవచ్చు. కళ్లం లాంటి చదునైన గచ్చు మీద ఖాళీ బండిని ఆపి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, ముందుభాగాన్ని రెండుసార్లు ఊపి వదిలేయండి. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టండి. రెండు వైపులా రాసుకోండి. ఎడమ కుడికి సెంటీమీటరు మించి తేడా ఉన్నా, సర్వీసు సెంటరువాళ్లు చెప్పే కొలత కంటే రెండు వైపులా బాగా తక్కువ ఉన్నా స్ప్రింగులు అలిసిపోయినట్టే. టైరు లోపలి అంచు అరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

కొనేటప్పుడు ఛాసిస్ నంబరు చెప్పి కొనండి. ఒకే పేరుతో ఉన్న బండ్లలో కూడా ఇంజను బరువును బట్టి, క్యాబిన్‌ను బట్టి స్ప్రింగు మారుతుంది. కొన్నిటికి కుడి ఎడమ స్ప్రింగులు కూడా వేరు. ఒక్కటే విరిగినా జతగా మార్చాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే బండి ఒరిగే ఉంటుంది. స్ప్రింగు పైనా కిందా ఉండే రబ్బర్లు, బంప్ స్టాపర్లు కొత్తవి వేయించండి. షాక్ అబ్జార్బర్లలో ఆయిల్ కారుతుంటే అవి కూడా ఇప్పుడే మార్చడం మేలు, లేకపోతే అదే కూలీ రెండోసారి ఇవ్వాలి.

పన్ను తగ్గింపు మీకు పనికొచ్చేది ఇక్కడే. షాక్ అబ్జార్బర్లు, బాల్ జాయింట్ల వంటి వాటి మీద కూడా 28 పోయి 18 శాతమే ఉంది. జత షాక్ అబ్జార్బర్ల అసలు ధర 4,000 అనుకుంటే ఇదివరకు 5,120 అయ్యేది, ఇప్పుడు 4,720. బిల్లు లేకుండా కొంటే ఈ 400 దుకాణంలోనే ఉండిపోతుంది. ట్రాక్టరుకు 5 శాతమే కదా, పికప్ కూడా వ్యవసాయ బండే కదా అని కొందరు వాదిస్తున్నారు. పికప్‌కు అది వర్తించదు.

బిగింపు మాత్రం ఇంటి దగ్గర చేయకండి. మన రైతులు ఇంజను కూడా విప్పగలరు, నాకు తెలుసు. కానీ నొక్కి ఉన్న కాయిల్ ఒక్కసారి జారితే చెయ్యో దవడో పోతుంది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసరు ఉన్న మెకానిక్ దగ్గరే చేయించండి. తాళ్లు, చైన్లతో కట్టి విప్పుతానంటే అక్కడి నుంచి వచ్చేయండి. బుష్ బోల్టులను చివరి బిగింపు బండి నేల మీద దిగాకే బిగించమనండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించాలి. ముక్కు లేచాక పాత అమరికతో లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి.

ఈ పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, ఫిట్‌నెస్‌కు వెళ్లేముందే. సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తప్పదు. కేంద్రం 2025 నవంబరులో పాత బండ్ల పరీక్ష ఫీజులు పెంచింది. ఎక్కువ ఫీజు 15 ఏళ్లు దాటాక కాకుండా 10 ఏళ్ల నుంచే మొదలవుతోంది. మీ బండి వయసుకు ఎంత పడుతుందో రవాణా శాఖ ఆఫీసులో కనుక్కుని, మరమ్మతు ఖర్చుతో కలిపి లెక్క వేసుకోండి. ఫీజు కట్టి, కుంగిన బండితో వెళ్లి తిరిగి రావడం దండగ.

అన్ని బండ్లూ నిలబెట్టమని నేను చెప్పడం లేదు. స్ప్రింగు కూర్చునే చోట ఛాసిస్ తుప్పు పట్టి పొరలుగా రాలుతుంటే, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగుతుంటే కొత్త స్ప్రింగు కొనకండి. అలాంటి బండిని అమ్ముకోవడమే మంచిది. అందుకే స్ప్రింగులకు డబ్బు కట్టేముందు చక్రాలు విప్పించి, మట్టి కడిగించి, ఆ చోటు మీ కళ్లతో చూడండి.

కొత్తవి వేయించాక నాలుగైదు లోడ్లు తిరిగి మళ్లీ అదే గచ్చు మీద కొలవండి. మొదట్లో కొద్దిగా దిగడం మామూలే. రెండు వైపులా ఒకేలా దిగిందో లేదో చూసుకుని, నట్లు ఇంకోసారి బిగింపించుకోండి.