మా ఇంటి ముచ్చట్లు: పరాయి నంబరున్న బాకా

మా అబ్బాయి స్కూలు బ్యాండులో చేరాడని లోగడ ఈ శీర్షికలోనే వ్రాశాము. కొత్త వాయిద్యం ధర విని గుండె గుభేలుమని, గరాజ్ సేల్‌లో ఒక పాత కార్నెట్ కొన్నాము. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో కాన్ కంపెనీవారు చేసినది. గంటలా విచ్చుకున్న మూతి మీద వారు చెక్కిన పూలతీగ ఎంతో ముచ్చటగా ఉంది. దాని పక్కనే ఎవరో కరెంటు కలంతో గీసిన తొమ్మిదంకెల నంబరు! 1970లలో దొంగల భయానికి సామాన్ల మీద సోషల్ సెక్యూరిటీ నంబరు గీసుకోమని ఇక్కడి పోలీసులే చెప్పేవారు. మావాడికి అది తలవంపులైంది. “దొంగసొత్తు అంటారు, నేను పట్టుకెళ్ళను” అని భీష్మించాడు.

ముందు మేమే ఒక తెలివితక్కువ పని చేశాము. ఇత్తడే కదా అని చింతపండు పట్టించి రాత్రంతా వదిలేశాము. తెల్లవారేసరికి లాకర్ పూత పోయినచోటల్లా గులాబి రంగు తిరిగింది. పులుపు ఇత్తడిలోని జింకును లాగేసి రాగిని మిగులుస్తుందట. చెంబు తోమినట్లు బాకా తోమకూడదని తెలిసింది.

చివరికి మరమ్మతులు చేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. బ్యాండు పిల్లలున్నవారికి ఆయన మాటలు పనికొస్తాయి. ఆ మూతి రేకు మందం సుమారు అర మిల్లీమీటరే. లోతు గీతలు పోవాలంటే చుట్టూ అరగదియ్యాలి. రేకు పలచబడుతుంది, పూలతీగా పోతుంది. గీతల్లో టంకం నింపితే బూడిదరంగు మచ్చలు. పైన వెండిపూత వేయిస్తే మచ్చలు కప్పడిపోతాయి గాని, ఆ ఖర్చుకు ఇంకో నాలుగు బాకాలొస్తాయి! ఆయన చేసిందల్లా, నున్నటి ఉక్కు పనిముట్టుతో గీతలను ఒత్తి ఒత్తి రుద్దడమే. అంకెలు చదవడానికి వీల్లేకుండా పోయాయి. గీతలు మాత్రం ఉన్నాయి. లోపల కడగడానికి గోరువెచ్చని నీళ్ళూ కాస్త సబ్బూ చాలునన్నాడు. మరీ వేడినీళ్ళు పోస్తే పూత లేచిపోతుందట.

మావాడి ముఖం మాత్రం విప్పారలేదు. మా దగ్గర ఉంటున్న వాళ్ళ నాయనమ్మ కలగజేసుకున్నారు. “ఒరే నాన్నా, ఊళ్ళో మన ఇత్తడి బిందె మీద ఎవరి పేరుందో తెలుసా? మా మేనత్తది. ఆవిణ్ణి నేను చూడనేలేదు. ఆ బిందెలో నీళ్ళు తాగే మీ నాన్న ఇంతవాడయ్యాడు.”

వాడికి ఎంతవరకు ఎక్కిందో తెలియదు గాని, కచేరీ రోజున అడక్కుండానే పెట్టె తీసి కారులో పెట్టుకున్నాడు. మూడో వరుసలో కూర్చున్న మాకు గీతలేవీ కనబడలేదు. రెండుసార్లు అపశ్రుతి మాత్రం వినబడింది.