పెనుకొండ... పాతికేళ్ల రాజధాని

హంపీ ఎవరికి తెలీదు! శిథిలమైనా దాని పేరు ప్రపంచమంతా మోగుతోంది. 1986 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. మరి హంపీ తర్వాత విజయనగర సామ్రాజ్యానికి రాజధాని ఏదంటే? చాలామంది తడుముకుంటారు. హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీద రోజూ వేలమంది ఆ ఊరి కొండను కిటికీలోంచి చూస్తూనే వెళ్తుంటారు. ఆ కొండ పేరు పెనుకొండ. ఒకప్పుడు సామ్రాజ్యాన్ని ఏలిన ఆ ఊరు ఇప్పుడు జిల్లా కేంద్రం కూడా కాదు. 2022లో అనంతపురం జిల్లాను విడదీసి శ్రీసత్యసాయి జిల్లా ఏర్పాటు చేసినప్పుడు కలెక్టరేటు పుట్టపర్తికి వెళ్లింది. పెనుకొండకు మిగిలింది రెవెన్యూ డివిజన్ హోదా!

'పెను' అంటే పెద్ద అని అర్థం. పెనుకొండ అంటే పెద్దకొండ. సంస్కృతంలో ఘనగిరి అన్నారు. సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున్న కొండ, దాని పాదాల చుట్టూ కోటగోడలు, లోపల ఊరు, పక్కనే చెరువు. ఊరి గొప్పతనం గురించి అడిగితే స్థానికులు ముందుగా చెప్పే మాట ఒకటుంది... ఏడాదికి ఎన్ని రోజులో పెనుకొండలో అన్ని గుళ్లని. 365 గుళ్లూ లెక్కకు దొరకవుగానీ ఏ వీధిలోకి తిరిగినా పాత రాయి ఏదో ఒకటి పలకరిస్తుంది.

ఏనుగుల మీద వచ్చిన రాజ్యం

1565 జనవరి 23. తళ్లికోట యుద్ధం. దక్కను సుల్తానుల చేతిలో విజయనగర సైన్యం ఓడిపోయింది. అసలు అధికారం చెలాయిస్తున్న అళియ రామరాయలు యుద్ధరంగంలోనే హతమయ్యాడు. ఆయన తమ్ముడు తిరుమల దేవరాయలు రాజధానికి పరుగున వచ్చాడు. పేరుకు రాజైన సదాశివరాయలినీ, అందినంత ఖజానానూ తీసుకుని దక్షిణానికి బయల్దేరాడు. సంపదను 550 ఏనుగుల మీద తరలించారని 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్' గ్రంథంలో రాబర్ట్ స్యూయల్ రాశాడు. ఆ ఏనుగులు వచ్చి ఆగింది పెనుకొండలోనే.

తర్వాత తిరుమల రాయలు మళ్లీ విజయనగరానికి వెళ్లి పాత నగరాన్ని నిలబెట్టాలని చూశాడు. కుదరలేదు. ఆ రోజుల్లో అక్కడ నెలల తరబడి ఉన్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, 1567లో రాజపరివారం ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలోని పెనుకొండకు తరలిపోయిందని రాసుకున్నాడు. అలా మొదలైంది పెనుకొండ రాజధాని కథ. 1570 ప్రాంతంలో తిరుమల తానే పట్టాభిషిక్తుడయ్యాడు. సామ్రాజ్యంలో నాలుగో వంశమైన అరవీటి పాలన మొదలైంది ఇక్కడినుంచే. 'వసుచరిత్ర' రాసిన రామరాజభూషణుడు ఆ కావ్యాన్ని అంకితమిచ్చింది ఈ తిరుమల రాయలికే.

తిరుమల చేసిన మరో పని... రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచడం. తెలుగు ప్రాంతం పెనుకొండ కేంద్రంగా శ్రీరంగరాయలికి, కన్నడ ప్రాంతం శ్రీరంగపట్నం కేంద్రంగా రామరాయలికి, తమిళ ప్రాంతం చంద్రగిరి కేంద్రంగా వెంకటపతి రాయలికి. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడటానికి దాదాపు నాలుగు శతాబ్దాల ముందటి సంగతి ఇది!

కృష్ణమ్మ కాపాడింది!

రాజధాని వచ్చిందంటే శత్రువూ వస్తాడు. 1576లో బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా పెనుకొండను ముట్టడించాడు. శ్రీరంగరాయలు ఖజానాతో చంద్రగిరికి వెళ్లిపోగా, సేనాని సవరం చెన్నప్ప నాయకుడు కోటలో నిలిచి పోరాడాడు. బీజాపూర్ సేన వెనుదిరిగింది.

1580ల చివర్లో గోల్కొండ వంతు. హైదరాబాద్ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే దండెత్తి వచ్చాడు. రాజుగా ఉన్న రెండో వెంకటపతి రాయలు సంధి మాట్లాడుకుందామన్నాడు. సుల్తాను సేనలు కాస్త వెనక్కి తగ్గాయి. ఆ మూడు రోజుల సందులోనే కోటలోకి తిండిగింజలూ కొత్త బలగాలూ చేరిపోయాయి. మళ్లీ ముట్టడించేసరికి కోట మొండికేసింది. ఈలోగా వానాకాలం దగ్గరపడింది. కృష్ణ పొంగితే గోల్కొండకు తిరుగుదారి మూసుకుపోతుంది. సుల్తాను ముట్టడి ఎత్తేసి వెళ్లిపోయాడు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో పారే కృష్ణానది, చుక్క నీరు పంపకుండానే పెనుకొండను కాపాడిందన్నమాట!

కానీ రాజుకు ధైర్యం చాలలేదు. సరిహద్దుకు ఇంత దగ్గర్లో రాజధాని క్షేమం కాదనుకున్నాడు. 1592 ప్రాంతంలో వెంకటపతి రాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. లెక్కేస్తే పెనుకొండ వైభవం పాతికేళ్లే. 1652లో కోట బీజాపూర్ వశమైంది. తర్వాత మరాఠాలు, హైదరలీ, టిప్పు... చివరికి 1800లో దత్త మండలాలతో పాటు ఆంగ్లేయుల చేతికి వెళ్లింది.

కోటలో ఏమున్నాయి?

ఉత్తరాన యర్రమంచి వాకిలి. ద్వారం దగ్గర పదకొండు అడుగుల ఆంజనేయుడు. కోట రాజధాని కాకముందే రెండు శతాబ్దాల పాతది. మొదటి బుక్కరాయలి కొడుకు వీరవిరుపణ్ణ ఒడయారు ఏలుబడిలో దీన్ని కట్టించినట్టు 1354 నాటి శాసనం చెబుతోంది.

కోట లోపల అందరూ చూసేది గగన్ మహల్. రాజుల వేసవి విడిది అంటారు. కింద కోణాల కమానులు, పైన గుడి శిఖరాన్ని తలపించే గోపురం. యుద్ధంలో తలపడిన రెండు రాజ్యాల శిల్పరీతులు ఈ మేడలో మాత్రం పోట్లాడుకోకుండా కలిసిపోయాయి.

ఆ కలుపుగోలుతనం మేడకే పరిమితం కాదు. ఊళ్లో రామాలయం, శివాలయం పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని గోడల మీద రామాయణ, భాగవత కథలు, రెండోదాని మీద శివలీలలు. కొండ మీద యోగ నరసింహుడు. కింద పచ్చరాతితో మలచిన పార్శ్వనాథుడి బసది. జైనులకు ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచితో పాటు పెనుకొండ కూడా విద్యాస్థానమని సంప్రదాయం.

వీటన్నిటికన్నా ఎక్కువ జనం వచ్చేది బాబయ్య దర్గాకు. బాబా ఫక్రుద్దీన్ అనే సూఫీ సాధువు తిరుచిరాపల్లిలోని గురువు నత్తర్ వలీ దగ్గర సెలవు తీసుకుని బయల్దేరాడట. గురువు చేతికి ఓ పందుంపుల్ల ఇచ్చి, ఆగిన చోటల్లా రాత్రి నేలలో గుచ్చమన్నాడు. ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నాడు. అది చిగురు వేసింది పెనుకొండలో! ఉరుసుకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. ఎండిన పుల్ల చిగురించడం కన్నా గొప్ప మహిమ ఈ కరవు సీమలో ఏముంటుంది?

కళ్లకు కష్టకాలం

ఎందుకోగానీ పెనుకొండ కథల్లో కళ్లకు కష్టకాలం ఎక్కువ. శ్రీకృష్ణదేవరాయల కొడుకు మరణానికి మహామంత్రి తిమ్మరుసే కారణమని అనుమానించి ఆయన కళ్లు తీయించారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆయన్ను బంధించిన చెరసాల ఇదేనని పెనుకొండలో చూపిస్తారు. ఆయన సమాధి కూడా ఇక్కడే ఉందంటారు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' సినిమా చూసినవాళ్లు ఆ చీకటి గది ముందు ఓ క్షణం ఆగకుండా ఉండలేరు.

రెండో కథ విరుపణ్ణది. అచ్యుత దేవరాయల కాలంలో పెనుకొండ అధికారి. లేపాక్షి ఆలయాన్ని కట్టించింది ఆయనే. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజు ఆగ్రహిస్తే, శిక్ష పడకముందే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని చెప్పుకొంటారు. గోడ మీది ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. ఇక రాజధానిని ఇక్కడికి తెచ్చిన తిరుమల రాయలు సంగతి సరేసరి... తళ్లికోట యుద్ధంలో ఆయనా ఓ కన్ను పోగొట్టుకున్నాడు.

అసలు నిధి ఏది?

550 ఏనుగుల కథ పెనుకొండకు మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. అంత బంగారం వచ్చిందంటే ఎక్కడో పాతిపెట్టే ఉంటారని ఆశ. ఈ సీమలో పాడుబడ్డ గుళ్లలో విగ్రహాలను పెకలించి, కోటల్లో గుంతలు తవ్వే గుప్తనిధుల ముఠాల గురించి పేపర్లలో వస్తూనే ఉంటుంది. ఎవరికీ బంగారం దొరికిన దాఖలా లేదు. పోయింది మాత్రం చరిత్ర.

నిజానికి ఈ నేల మీద పాత రాజులు దాచిన నిధి వేరే ఉంది. అది నీళ్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడేది ఇక్కడే అని పేరు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరం. ఇలాంటి చోట కోట కట్టడం కాదు గొప్ప, అందులో జనాన్ని బతికించడం గొప్ప.

అందుకే కోటతో పాటే చెరువులు తవ్వించారు. అనంతపురం ఊరే అనంతసాగరం అనే చెరువు పేరు మీద పుట్టిందంటారు. బుక్కపట్నం చెరువుకు బుక్కరాయలి పేరుంది. ఇక 1388 నాటి ఓ శాసనం కర్ణాటకలోని గౌరీబిదనూరు తాలూకాలో దొరికింది. పెనుకొండలో ఉన్న రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు, ప్రాణులకు నీరే ప్రాణమని తలచి, పెన్నానదిని పెనుకొండకు తీసుకురమ్మని ఆజ్ఞాపించాడట. ఆ పని అప్పజెప్పింది సింగయ భట్టుకు. ఆయన బిరుదు ఏంటో తెలుసా... 'జలసూత్ర'! అంటే నీటి విద్యలో ఆరితేరినవాడు. సిరువర చెరువు దాకా ఆయన తవ్వించిన కాలువకు ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టారు. సేనాపతులతో సమానంగా ఓ నీటి ఇంజినీరు పేరును రాతి మీద చెక్కారంటే, ఆనాటి పాలకులకు ఈ నేల సంగతి ఎంత బాగా తెలుసో!

ఇదంతా ఎందుకంటే... రాజధాని చంద్రగిరికి వెళ్లిపోయినా పెనుకొండలో జనం మిగిలారంటే కారణం గగన్ మహల్ కాదు, చెరువులు. అవి పూడిపోయి, కాలువలు ఆక్రమణల పాలయ్యాక బోర్లు వచ్చాయి. బోర్లు ఎండాక రైతులు బెంగళూరు బస్సెక్కారు. ఒకప్పుడు రాజధాని ఈ ఊరికి వలస వచ్చింది. తర్వాత ఈ ఊరి జనమే మరో రాజధానికి వలస వెళ్లారు.

మళ్లీ యర్రమంచి వాకిట్లో...

2016లో ఓ విశేషం జరిగింది. హంద్రీ-నీవా పథకం కింద శ్రీశైలం వెనక జలాలు రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి చేరాయి. ఒకనాడు పొంగుతుందన్న భయంతో శత్రువును తరిమిన కృష్ణమ్మ, నాలుగు శతాబ్దాల తర్వాత తానే పెనుకొండ గడప తొక్కింది!

నీళ్లొచ్చాక పరిశ్రమ వచ్చింది. 2017లో కొరియా కంపెనీ కియా ఇక్కడ కార్ల కర్మాగారం పెడతామని ఒప్పందం చేసుకుంది. 2019లో కార్లు బయటికొచ్చాయి. 2023 జులై నాటికి పది లక్షలు దాటాయి. ఆ కర్మాగారం ఉన్నది ఎక్కడో తెలుసా? కోట ఉత్తర వాకిలికి పేరిచ్చిన యర్రమంచి దగ్గరే. హైవే పక్కన కొరియా భాషలో బోర్డులు వెలిశాయి. వెనిస్ వర్తకుడి తర్వాత పెనుకొండ పేరు మళ్లీ విదేశీయుల నోట పలుకుతోంది.

అయితే కర్మాగారం దగ్గర ఆగే కార్లు పక్కకు తిరిగి కోట దాకా రావడం తక్కువే. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఆ గుడిని కట్టించినవాడి ఊరు మాత్రం ఇంకా వెనకే ఉంది. కోటగోడ రాళ్లు మరిన్ని ఊడిపోకముందే, శాసనాలు అరిగిపోకముందే, పిల్లల్ని వెంటబెట్టుకుని ఓసారి వెళ్లిరావాలి. గగన్ మహల్ చూపించాలి. తిమ్మరుసు కథ చెప్పాలి. వస్తూ వస్తూ చెరువు కట్ట మీద ఆగి, సింగయ భట్టు పేరు కూడా చెప్పాలి. రాజుల పేర్లు పాఠాల్లో ఎలాగూ చదువుకుంటారు!

ఇలా వెళ్లొచ్చు: పెనుకొండ 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. అనంతపురం నుంచి సుమారు 70, బెంగళూరు నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ధర్మవరం-బెంగళూరు మార్గంలో రైల్వే స్టేషన్ ఉంది. కొండెక్కాలంటే పొద్దున్నే బయల్దేరాలి, నీళ్లు వెంట ఉంచుకోవాలి. వానాకాలం చివర్నుంచి సంక్రాంతి దాకా అనువైన సమయం. ఒకరోజు ఎక్కువుంటే లేపాక్షి, పుట్టపర్తి కూడా చూసి రావచ్చు.