పంటిగాట్లు

పిల్ల పుట్టకముందే కుల్లా కుట్టరాదంటారు మన పెద్దలు. నేనేమో పుట్టబోయే పిల్లల కానుకలు అమ్ముకొని బ్రతుకుతున్నాను. మన ఇళ్ళలో సీమంతపు గాజులు తల్లికి. బిడ్డ చేతికి ఏదైనా అందేది బారసాల నాటికే. పడమటి దేశాలలో బిడ్డ కడుపులో ఉండగానే కానుకలు గదిలోకి చేరతాయి. అందువల్లనే నా గిలక్కాయలు ఏటికొప్పాకలో పుట్టి, విశాఖలో పెట్టెలకెక్కి, ఏడాదికి రెండు మార్లు గ్రేటర్ నోయిడాలోని హస్తకళల ఎగుమతి ప్రదర్శనకు ప్రయాణం కడతాయి. వాటి వెంట నేను. ఒక్కసారి న్యూరెంబర్గులో 1950 నుంచి జరుగుతున్న బొమ్మల సంతకూ వెళ్ళి, ఆ చలిలో కాళ్ళు కొంకర్లు పోగా తిరిగి వచ్చాను.

ఈ తిరుగుడులో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. అది చెప్పడానికే ఈ టపా.

శిశువు కానుకతో ముగ్గురికి సంబంధం: చేసేవారు, కొనేవారు, నోట్లో పెట్టుకొనేవారు. సంతలో మనకు ఎదురుపడేది రెండవవారే. నాలుగు రోజులపాటు వారి కళ్ళలోకే చూస్తూ నిలబడతాము. ఆ కంటికి ఏది నచ్చితే అదే మంచి వస్తువని క్రమంగా నమ్మడం మొదలుపెడతాము. నేనూ నమ్మాను. మా అబ్బాయికి పళ్ళు వచ్చే రోజులలో, నమూనాల మీద గాట్లు పడతాయని ఒక్క గిలక్కాయనూ వాడికి అందనీయలేదు. ఊరినుంచి తిరిగి వచ్చేసరికి, మా అత్తగారి ఒడిలో కూర్చొని బస్టాండు దగ్గర కొన్న ప్లాస్టిక్ బొమ్మను కొరుకుతున్నాడు. నా పెట్టె నిండా లక్క గిలక్కాయలు!

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి బొమ్మ మెత్తని అంకుడు కర్రతో తయారవుతుంది. తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తితే, రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు వంటివి రంగులకు ఆధారం. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం ఒక విదేశీ కొనుగోలుదారు రెండు వేల గిలక్కాయలు కావాలన్నాడు. తెల్లనివీ, లేత గులాబీవీ. గది గోడలకు నప్పాలట. ఆ రంగులు మా లక్కలో పలకవు. "పైన పెయింటు వేయించండి" అన్నాడు. రసాయనపు రంగులన్నీ విషమని నేను అనను. పరీక్షలో నెగ్గినవి ఉన్నాయి. కాని ఆ పరీక్షల ఖర్చు ధరలో కలపడానికి అతడు ఒప్పుకోలేదు. 2007లో సీసపు రంగు పూసిన బొమ్మలను లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకోవలసి వచ్చాకనే, 2008లో అమెరికా తన చట్టాన్ని బిగించింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు గల వాటికి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు కాగితానికే గాని బిడ్డ నోటికి కాదు గదా! ఆ బేరం వదులుకున్నాను.

గొప్ప పని చేశానన్న ధీమాతో ఏటికొప్పాక వెళ్ళి చెప్పాను. పెద్దాయన మాట్లాడకుండా కాసేపు పొట్టు ఊడ్చుకున్నాడు. తరువాత, "కాదనే ముందు మమ్మల్ని ఓ మాట అడగవలసింది గదమ్మా" అన్నాడు. మూడు కుటుంబాలకు రెండు నెలల పని అది. నీళ్ళు నమిలాను.

ఆయన మాట న్యాయమైనదే. అయినా ఆ పెయింటు తప్పే. ఈ రెండూ నిజమైనప్పుడు, నీతి ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. నా నీతికి ఆయన పస్తుండడం నీతి కాదు. అందుకని బారసాల కానుకలంటూ ఇక్కడే అమ్ముకొనేందుకు ఆ కుటుంబాలకు ఆరు వందల గిలక్కాయలు పురమాయించి, సగం డబ్బు ముందే ఇచ్చాను. అన్నీ అమ్ముడుపోవడానికి ఏడాదిన్నర పట్టింది. మా ఆయన లెక్కల పుస్తకం చూసి నిట్టూర్చారు. ఆ నష్టం నాది. నాదే కావాలి కూడా.

ఇప్పుడు ప్రదర్శనలో నా బల్ల మీద అన్నిటికంటే ముందు మా అబ్బాయి కొరికిన గిలక్కాయ ఉంటుంది. ఆలస్యంగానైనా వాడి చేతికి ఇచ్చాను లెండి. దాని నిండా పంటిగాట్లు. కొందరు చూసి మొహం చిట్లించి వెళ్ళిపోతారు. కొందరు చేతిలోకి తీసుకొని, గాట్ల మీద వేలు పెట్టి తడిమి, "ఇది దేనితో చేశారు?" అని అడుగుతారు.

బేరం ఆ ప్రశ్న దగ్గర మొదలు కావాలని నా అభిప్రాయం. మీరేమంటారు?