కిటికీ కింది అంచు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి వచ్చి, కిటికీల సగం దాకా ఎక్కాయి. నీళ్లు తీశాక చూస్తే నా వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్ ఉబ్బి పొరలు పొరలుగా ఊడిపోయింది. ఈఎంఐలో కొన్న వార్డ్‌రోబ్ కూడా అంతే (ఈఎంఐ మాత్రం నడుస్తూనే ఉంది). తాతయ్య పెట్టించిన టేకు కిటికీలు మాత్రం చెక్కుచెదరలేదు. కాకపోతే రెక్కలు బిగుసుకుపోయాయి. మూయాలంటే ఇద్దరం తొయ్యాలి.

“యూపీవీసీ పెట్టించేద్దాం రా, గొడవ వదులుతుంది” అన్నారు నాన్న. నేను వద్దన్నా. వద్దన్నవాడే బాగుచెయ్యాలి కదా! యూట్యూబ్ చూసి, చిత్రిక కొని, రెండో వారంలోనే అంచులు చెక్కేశా. రెక్క సాఫీగా పడింది. స్టేటస్ కూడా పెట్టా.

ఏప్రిల్ వచ్చేసరికి రెండు రెక్కల మధ్య వేలు దూరేంత సందు. దోమలకి రాజమార్గం.

చూడ్డానికొచ్చిన వడ్రంగి బాబాయ్ తిట్టలేదు, నవ్వారు. “తడి కర్రని చెక్కుతారా బాబూ?” కర్ర నీళ్లు పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో పెద్దగా మారదు. ఆరితే మళ్లీ తగ్గుతుంది. నేను వాపు దిగకముందే చెక్కేశానన్నమాట. కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్లపొణికి కర్రని నిదానంగా వేడిచేసి తేమ లాగేస్తారు. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకెళ్తే కళ్లారా చూశా కూడా. ఏం లాభం?

సందుకి టేకు పట్టీ అంటించి సరిచేశాక, ఆయన రెక్క ఊడదీసి తిరగేశారు. కింది అంచుకి ఒక్క చుక్క రంగు లేదు! ఇన్నేళ్లూ రెక్క బిగించి ఉండగానే రంగులేశారు, కుంచె అక్కడికి వెళ్లదు. నిలువు చెక్కల కోసిన కొసలు అక్కడే ఉంటాయి. ఆ కొసల్లోంచి కర్ర, స్ట్రా పెట్టి తాగినట్టు నీళ్లు తాగుతుంది. మీ ఇంట్లో కూడా ఓసారి ఫోన్ కెమెరా కింద పెట్టి చూడండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. ఎండలు ముదిరి కర్ర బాగా ఆరాక రెక్క ఊడదీసి, నీడలో నిలబెడతా. ఎండలో పెడితే వంకర పోతుంది. కింది అంచుకి ప్రైమర్, రెండు పూతల రంగు. బందుల మరలు వదులైతే పెద్ద మర బిగించకుండా, కన్నంలో ఫెవికాల్ రాసిన టేకు పుల్ల దిగ్గొట్టి, ఆరాక పాత మరే బిగిస్తా.

ఒక్క జాగ్రత్త: పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూలు మనకి అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లోనే. అందుకే పొడిగా గీకొద్దు. తడిపి, మంచి మాస్క్ పెట్టుకుని గీకండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వద్దు.

రెండు కిటికీలయ్యాయి, నాలుగున్నాయి. యూపీవీసీ కొటేషన్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. నాన్న నాకు తొలకరి దాకా టైమిచ్చారు.