ఇనుము కాదు, త్రికోణం

మా గరాజులో ఓ 1994 మియాటా ఉంది. శని, ఆదివారాలన్నీ దాని కిందే గడుపుతున్నానని మా ఆవిడ సణుగుడు, అది వేరే కథ. టాపు లేని ఏ కారైనా అంతే, గతుకుల రోడ్డెక్కితే అద్దం ఫ్రేమూ డాష్‌బోర్డూ వణుకుతాయి.

"లావుపాటి పైపులు వేసెయ్ గురూ" అన్నాడు మా కొలీగు. సర్వర్ నెమ్మదిస్తే ర్యామ్ పెంచెయ్ అన్నట్టుంది! నాలుగు కడ్డీల చట్రాన్ని మూల పట్టుకుని తోయండి, ఒరిగిపోతుంది. ఐమూలగా సన్న పైపొకటి వేస్తే ఇక కదలదు. కాకపోతే పైపు కొసల్ని పల్చటి రేకుకి అతికిస్తే దండగే, రేకే వంగుతుంది. మధ్యలో మందపాటి ప్లేటు పడాలి.

ఇంత తెలిసీ నేను చేసిన వెధవ పని చూడండి. బండిని స్టాండ్ల మీదకెత్తి, ఓ పక్కంతా ఏకబిగిన వెల్డింగు చేశా. స్టాండ్ల మీద బాడీ కాస్త వంగుతుంది కదా, ఆ వంపు అలాగే ఖాయమైపోయింది. పైగా చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంది. తలుపు పడలేదు!

మొత్తం కోసేసి, బరువు చక్రాల మీదే ఉంచి, బ్యాటరీ వైర్లు పీకి, అటో చుక్క ఇటో చుక్క పెట్టుకుంటూ మళ్ళీ చేశా. మూడు వారాంతాలు పోయాయి. ఇప్పుడు తలుపు ఒంటి వేలితో పడుతోంది. కొలీగు మాత్రం ఇంకా పైపుల లావే అడుగుతున్నాడు.